ర్యాంకు షీటు తీసేసిన ఏడాది: ఒక లెక్కల టీచర్ అనుభవం

గుంటూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెబుతాను. తొమ్మిదో తరగతికి క్లాస్ టీచర్‌ని. పరీక్ష అయిన ప్రతిసారీ ర్యాంకు షీటు తయారు చేసి నోటీసు బోర్డులో పెట్టే పని చాలా ఏళ్లు నాదే. ఆ షీటు తీసేసి వేరే పద్ధతి పెట్టాలని మా బడి పోయిన విద్యా సంవత్సరంలో ప్రయత్నించింది. మొదటి నుంచీ ఆ పనిలో ఉన్నాను కాబట్టి ఏది ఎలా జరిగిందో, ఎక్కడ ఆగిపోయామో రాస్తున్నాను. వేరే బడిలో ఎవరైనా ఇదే పని తలపెడితే అక్కరకొస్తుంది.

ర్యాంకు షీటు తయారీలో కష్టమేమీ లేదు. ఆరు సబ్జెక్టుల టీచర్లు మార్కుల లిస్టులు ఇస్తారు. ఎక్సెల్‌లో ఎక్కించి, టోటల్ వేసి, పెద్ద నుంచి చిన్నకు సార్ట్ చేస్తే వరస వచ్చేస్తుంది. అరగంట పని. నాలుగు ఎఫ్ఏలు (ఫార్మేటివ్, అంటే మధ్యమధ్యలో పెట్టే చిన్న పరీక్షలు), రెండు ఎస్ఏలు (సమ్మేటివ్, అంటే పెద్ద పరీక్షలు), మధ్యలో మా బడి సొంతంగా పెట్టుకున్న వీక్లీ టెస్టులు. ఏ పరీక్ష రాసినా చివరికి వచ్చేది ఆ వరసే. దాన్ని బట్టే ముందు బెంచీ, వెనక బెంచీ. పదో తరగతిలోకి వెళ్లేటప్పుడు సెక్షన్లు విడదీసేదీ దాన్ని బట్టే.

ఈ వరసలో నన్ను చాలా కాలంగా బాధపెడుతున్న విషయం ఒకటుంది. క్లాసులో నలభై ఐదు మంది ఉంటే, అందరూ బాగా కష్టపడి తలా యాభై మార్కులు పెంచుకున్నారనుకోండి. ర్యాంకు షీటులో ఒక్క అక్షరం కూడా మారదు. చివరి పేరు చివరే ఉంటుంది. ఇంటికెళ్లి ఆ పిల్ల ‘నాకు యాభై మార్కులు పెరిగాయి’ అని చెప్పుకున్నా, ‘మరి ర్యాంకు అదే వచ్చిందేం?’ అనే అడుగుతారు. నేర్చుకున్నది ఎంతో చెప్పని కాగితాన్ని చదువుకు కొలతగా గోడకు పెడుతున్నాం.

అయినా ఈ మాట స్టాఫ్ రూంలో ఎన్నిసార్లు వచ్చినా అక్కడే ఆగిపోయేది. కదలిక వచ్చింది సుప్రీంకోర్టు తీర్పు తర్వాత. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న పదిహేడేళ్ల అమ్మాయి 2023లో చనిపోయింది. ఆమె తండ్రి వేసిన కేసులో 2025 జులై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం దేశమంతటికీ వర్తించేలా 15 మార్గదర్శకాలు ఇచ్చింది. చదువులో ప్రతిభను బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం, వాళ్ల శక్తికి మించిన టార్గెట్లు పెట్టడం, ఇవన్నీ విద్యాసంస్థలు, ముఖ్యంగా కోచింగ్ సెంటర్లు, వీలైనంత వరకు మానుకోవాలని అందులో ఉంది. మా ప్రిన్సిపాల్ మేడం ఆ భాగాన్ని ప్రింటు తీసి మీటింగులో అందరికీ పంచారు. ‘మనది కోచింగ్ సెంటర్ కాదు కదా’ అన్నారొకరు. మేడం ఒకటే అన్నారు: ‘విద్యాసంస్థలు అని ఉంది. మనం అది కాదా?’

ఆ మీటింగులో మాట తేలడానికి చాలాసేపు పట్టింది. మా తెలుగు మాస్టారు అందరికంటే సీనియర్, పిల్లలంటే ప్రాణం పెట్టే మనిషి. ఆయనే గట్టిగా అడ్డుచెప్పారు. ‘పోటీ లేకపోతే పిల్లలు పుస్తకం తీయరమ్మా. రేపు ఈఏపీసెట్ రాయరా, జేఈఈ రాయరా, నీట్ రాయరా? అక్కడ ఇచ్చేది ర్యాంకు కాక మరేంటి? ఇప్పుడు దాచి అప్పుడు ఒక్కసారిగా మీద పడేస్తామా?’ ఆయన మాట కొట్టిపారేసేది కాదు. కానీ ఆ పరీక్షల్లో ర్యాంకు ఎందుకు ఇస్తారు? సీట్లు తక్కువ, రాసేవాళ్లు ఎక్కువ. ఎవరికి ముందు ఇవ్వాలో తేల్చడానికి వరస కావాలి. తొమ్మిదో తరగతిలో నేను పంచే సీట్లేమున్నాయి? బహుపది చెప్పాను, అందరికీ వచ్చిందా లేదా అని చూడటానికి పరీక్ష పెట్టాను. అందరికీ వస్తే అందరికీ మంచి మార్కులు రావాలి. సీట్లు పంచడానికి పెట్టిన కొలతను పాఠం అర్థమైందో లేదో చూడటానికి వాడకూడదు. ఆ రోజు చెప్పింది ఇదే, ఈ రోజుకీ చెప్పేది ఇదే.

మాస్టారు ఒప్పుకోలేదు, కానీ ఒక ప్రయోగం చేసి చూడటానికి మాత్రం సరేనన్నారు. ఎఫ్ఏ-1లో తెలుగు, సోషల్ పేపర్లను ఇద్దరిద్దరు టీచర్లు విడివిడిగా దిద్దాలి. మార్కులు పేపరు మీద వేయకుండా వేరే కాగితం మీద రాసుకోవాలి. దిద్దింది ఎవరైనా ఆ సబ్జెక్టు చెప్పేవాళ్లే. మిగతా నాలుగు సబ్జెక్టుల మార్కులు అవే ఉంచి, రెండు ర్యాంకు షీట్లు వేశాను.

రెండు షీట్లలోనూ మొదటి ముగ్గురూ ఆ ముగ్గురే, వాళ్లలో వాళ్లు మాత్రం అటూ ఇటూ మారారు. చివరి అయిదారుగురూ దాదాపు అక్కడే ఉన్నారు. మధ్యలో ఉన్నదంతా తారుమారైంది. ఒక షీటులో తొమ్మిదో ర్యాంకు వచ్చిన పిల్లవాడికి రెండో షీటులో పదిహేడు. పిల్లవాడు అదే, రాసిన జవాబులు అవే. ఎందుకో చూస్తే, ఆ మధ్యలో పాతిక మంది కొద్ది మార్కుల తేడాలో కిక్కిరిసి ఉన్నారు. వ్యాసానికి ఒకరు ఒక మార్కు ఎక్కువ వేసి, ఇంకొకరు తక్కువ వేస్తే చాలు, ర్యాంకు అయిదు మెట్లు దిగిపోతుంది. మాస్టారు రెండు షీట్లూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. ‘నా చేతి మార్కే కదమ్మా ఇది’ అన్నారు. ఆ తర్వాత ఆయన అడ్డుచెప్పలేదు. రెండు దిద్దుబాట్ల ప్రయోగం మీ బడిలో కూడా చేసి చూడండి. ఎంత వాదించినా కలగని నమ్మకం ఆ రెండు కాగితాలతో కలుగుతుంది.

ఎఫ్ఏ-2 నుంచి షీటు బోర్డు ఎక్కలేదు. దాని బదులు ప్రతి పిల్లకూ ఒక సొంత కాగితం. లెక్కల వరకు చెప్తాను. పేపరులో ప్రతి ప్రశ్నా ఏ చాప్టర్‌ది, అందులో ఏ మెట్టుది అని ముందే గుర్తు పెట్టుకుంటాం. సంఖ్యావ్యవస్థలో ఎన్ని మార్కులకు ఎన్ని, బహుపదుల్లో ఎన్ని, రేఖాగణితంలో ఎన్ని. కింద రెండు వాక్యాలు నా చేతిరాత: ఏది వచ్చింది, ఏది మళ్లీ చేయాలి. పోయిన పరీక్ష మార్కు పక్కన ఈ పరీక్ష మార్కు. అంతే. పక్కవాడి పేరు ఎక్కడా ఉండదు.

చెప్పినంత తేలిక కాదు. అరగంటలో అయ్యే పని మూడు సాయంత్రాలు తినేసింది. నలభై ఐదు మందికి ఒకే మాట రాస్తే లాభం లేదు, ‘ఇంకా బాగా చదవాలి’ అని రాస్తే అసలే లేదు. జాతీయ విద్యా విధానం 2020 కూడా ప్రోగ్రెస్ కార్డు మారాలనే చెప్పింది. టీచర్ అంచనాతో పాటు పిల్లలు తమను తాము అంచనా వేసుకోవడం, తోటివాళ్ల అంచనా కూడా అందులో ఉండాలంది. 2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడుల్లో పెట్టిన మెగా పేరెంట్స్ టీచర్స్ మీటింగులో హోలిస్టిక్ ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చారు. ఆలోచన మంచిదే. కానీ ఆ కార్డు నింపే టీచరుకు పీరియడ్లు తగ్గించకపోతే అది టిక్కులు పెట్టే కాగితం అవుతుంది. మా బడిలో నాకు వారానికి రెండు పీరియడ్లు తగ్గించమని అడిగాను. ఒకటి తగ్గించారు. అందుకే రాతపూర్వక వ్యాఖ్యలు లెక్కలు, ఇంగ్లీషులకే సాగాయి. మిగతా సబ్జెక్టులకు చాప్టర్ల వారీ మార్కులు మాత్రమే.

ఇంకో చిన్న మార్పు కూడా చేశాం. 1988లో ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరు పిల్లలకు మార్కులు మాత్రమే, కొందరికి వ్యాఖ్యలు మాత్రమే, కొందరికి రెండూ ఇచ్చి చూసింది. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న పిల్లల పని మెరుగుపడింది. రెండూ అందుకున్నవాళ్లలో ఆ లాభం కనిపించలేదు. మార్కు కనిపించాక కింద రాసింది ఎవరు చదువుతారు? మనకు తెలిసిందే. మార్కులు పూర్తిగా మానేయడం మా చేతుల్లో లేదు కాబట్టి, తప్పులకు సున్నా చుట్టిన పేపర్లు మార్కు వేయకుండా ఒక రోజు ముందు ఇచ్చి, తప్పు దిద్దుకుని తెమ్మన్నాను. మార్కు మర్నాడు. ఆ ఒక్క రాత్రి తేడాతో క్లాసులో డౌట్లు అడిగేవాళ్లు కనీసం రెట్టింపయ్యారు.

పిల్లలు ఊరికే ఉంటారా? మార్కులు చేతికి వచ్చిన గంటలోపే రఫ్ నోటులో సొంతంగా ర్యాంకు షీటు వేసేసుకున్నారు, అందరి టోటళ్లూ అడిగి మరీ. దాన్ని లాక్కోలేదు. వాళ్లకు వాళ్లు పోల్చుకోవడం వేరు, బడి పెద్దలు ముద్ర వేసి గోడకు పెట్టడం వేరు. ఎవరైనా చెప్పనంటే బలవంతం చేయొద్దని మాత్రం చెప్పాను. ఎస్ఏ-1 నాటికి ఆ లిస్టులో సగం పేర్లే ఉన్నాయి. మిగతావాళ్లు టోటల్ చెప్పడం మానేశారు.

అసలు వేడి పేరెంట్స్ మీటింగులో పుట్టింది. మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉన్న ఒక తండ్రి లేచి, ‘మేడం, ధర తెలియకుండా మా యార్డులో ఎవరూ కాటా వేయనివ్వరు. మావాడు ఎక్కడున్నాడో తెలియకుండా ఫీజు ఎట్లా కట్టమంటారు?’ అన్నారు. చాలామంది తలలూపారు. వాళ్లబ్బాయి కాగితం తీసి చూపించాను. బీజగణితంలో దాదాపు పూర్తి మార్కులు. రేఖాగణితంలో నిరూపణలు వచ్చేసరికి ఖాళీ. ఇదివరకు వాడిది పన్నెండో ర్యాంకని మాత్రమే ఆయనకు తెలుసు. ‘అంటే వీడికి అన్ని సబ్జెక్టులకూ ట్యూషన్ అక్కర్లేదా?’ అని అడిగారు. అక్కర్లేదని చెప్పాను. నిరూపణలు రోజుకొకటి రాయిస్తే చాలు. ఆ మాట ఆయనకు నచ్చింది. మీటింగులో అందరికీ నచ్చిందని చెప్పను. ఒకరిద్దరు ఆ వారమే టీసీ గురించి వాకబు చేశారు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఒక తల్లి మాట. కొత్తపేటలో జాకెట్లు కుట్టి కూతుర్ని చదివిస్తోంది. ఆ అమ్మాయిది ఎప్పుడూ ఒకటో ర్యాంకే. మీటింగ్ అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగి వచ్చింది. ‘మా అమ్మాయి ఫస్టు అనే కదండీ కాలేజీ వాళ్లు ఇంటికొచ్చి మాట్లాడేది. ఆ కాగితం లేకపోతే నేనేం చూపించుకోవాలి?’ అంది.

గుంటూరు, విజయవాడల్లో పిల్లల్ని చదివించినవాళ్లకు ఈ మాట విడమర్చి చెప్పనక్కర్లేదు. పదో తరగతి పరీక్షలు రాకముందే ఇంటర్ కాలేజీల పీఆర్వోలు ఇళ్లకు వస్తారు. తొమ్మిదిలో ఎన్ని మార్కులు, క్లాసులో ఎన్నో ర్యాంకు అని అడిగి ఫీజు కన్సెషన్ మాట్లాడతారు. గోరంట్లలోనో, గొల్లపూడిలోనో, పోరంకిలోనో హాస్టల్‌తో కలిపి కట్టాల్సిన ఫీజు ఒక టైలరమ్మ సంపాదనతో తీరేది కాదు. కేంద్రం ఇచ్చే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ ఏడాదికి 12,000 రూపాయలు. అది కూడా ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకే, మా ప్రైవేటు బడి పిల్లలకు లేదు. 2025లో రాష్ట్ర ప్రభుత్వం షైనింగ్ స్టార్స్ పేరుతో పది, ఇంటర్ టాపర్లకు 20,000 రూపాయలు ఇచ్చింది. అందుకోవాలన్నా పైమెట్టు మీద ఉండాల్సిందే. డబ్బున్న ఇంటి పిల్లకు ఒకటో ర్యాంకు గొప్ప. ఈ అమ్మాయికి అది బతుకుతెరువు. షీటు తీసేసి మంచి పని చేశామని మనం సంతోషపడితే, నష్టం ఈమెకు రాకూడదు.

మేడంతో కూర్చుని దారి వెతికాం. అడిగిన తల్లిదండ్రులకు స్కూలు లెటర్‌హెడ్ మీద ధ్రువపత్రం ఇస్తాం. ఆ ఏడాది మార్కులన్నీ, క్లాసులో స్థానం కూడా, కవరులో పెట్టి వాళ్ల చేతికే. దాన్ని ఎవరికి చూపించుకోవాలన్నది వాళ్లిష్టం. ఆ అమ్మాయికి మొదటి కాగితం నేనే టైపు చేశాను. ఇది రాజీ అని కొందరు టీచర్లు అన్నారు. నాకు అలా అనిపించలేదు. స్థానం తెలియడం తప్పు కాదు. నలభై నాలుగు మంది ముందు దాన్ని వేలాడదీయడమే తప్పు.

ఇంకో పిల్లవాడి సంగతి కూడా చెప్పాలి. ఎప్పుడూ రెండో స్థానంలో ఉండేవాడు. షీటు పోయాక వాడి చదువు నిజంగానే జావగారింది. ఎస్ఏ-1లో మార్కులు తగ్గాయి. పిలిచి అడిగితే, ‘ఎవర్ని దాటాలో తెలియట్లేదు టీచర్’ అన్నాడు. వాళ్లమ్మ తప్పంతా నా మీదే వేసింది. నేను వాడికి ర్యాంకు తిరిగి ఇవ్వలేదు. గణిత ఒలింపియాడ్ మొదటి దశ అయిన ఐఓక్యూఎం పాత పేపర్లు ఇచ్చాను. మొదటి వారం ఒక్క లెక్కా రాలేదు. వాడి జీవితంలో లెక్కల పేపరు ముందు కూర్చుని ఏం చేయాలో తోచకపోవడం అదే మొదలు. శేషాల మీద ఒక ప్రశ్న పట్టుకుని నాలుగు రకాలుగా ప్రయత్నించి, చివరికి తేల్చి, లంచ్‌లో అన్నం తినడం మాని స్టాఫ్ రూంకి పరిగెత్తుకొచ్చాడు. తెలివైన పిల్లలకు మనం చేస్తున్న అన్యాయం ఇక్కడుంది. వాళ్లకు కావాల్సింది కష్టమైన పని. దాని బదులు పక్కవాడి కంటే రెండు మార్కులు ఎక్కువ తెచ్చుకునే పని ఇస్తున్నాం.

వెనక బెంచీ వైపు ఏం జరిగిందంటే, ఎప్పుడూ నలభై దాటే ర్యాంకు వచ్చే ఒక అమ్మాయి కాగితం చూస్తే, దాదాపు ప్రతి చాప్టర్‌లోనూ ఒకే చోట మార్కులు పోతున్నాయి. రుణ సంఖ్యల గుర్తులు. ఆరో తరగతిలో దాటిపోయిన పాఠం. ఇన్నాళ్లూ నలభై ఒకటి, నలభై మూడు అనే అంకెలు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. రోజూ ప్రేయర్‌కు ముందు పదిహేను నిమిషాలు కూర్చోబెట్టాను. ఎస్ఏ-2లో లెక్కల్లో పాసు మార్కులు దాటి బాగా పైకొచ్చింది. పాత షీటు ఉండి ఉంటే ముప్పై ఎనిమిదో, ముప్పై తొమ్మిదో వచ్చేది.

క్లాసు సగటు మాత్రం పెద్దగా కదల్లేదు. ర్యాంకు తీసేస్తే పిల్లలు చదవరన్న భయం నిజం కాలేదు, తీసేస్తే అందరూ విజృంభిస్తారన్న ఆశా నిజం కాలేదు.

వార్షికోత్సవం బహుమతుల దగ్గర మళ్లీ వాదన. ప్రతి క్లాసుకూ ఒకటి, రెండు, మూడు అని షీల్డులు ఇవ్వడం ఆనవాయితీ. ఎవరికీ బహుమతులు వద్దని ఒక యువ టీచర్ అంది. నేను ఒప్పుకోలేదు. ఏడాదంతా తెల్లవారుజామున లేచి చదివిన పిల్లను స్టేజీ మీదకు పిలిచి చప్పట్లు కొట్టకపోతే, ఆ కష్టానికి విలువ లేదని మనమే చెప్పినట్టు. అందరికీ తలొకటి ఇచ్చినా అంతే, ఆ వయసు పిల్లలకు ఉత్తుత్తి బహుమతి వెంటనే తెలిసిపోతుంది. నేను అడిగింది ఒక గీత గీయమని. 600కు 540 దాటిన ప్రతి ఒక్కరికీ బహుమతి. ఇద్దరు దాటితే ఇద్దరికి, పదిమంది దాటితే పదిమందికి. ఒకరికి రావడం వల్ల ఇంకొకరికి పోదు. రెండోది, ఎస్ఏ-1 నుంచి ఎస్ఏ-2కు 60 మార్కులు పెంచుకున్నవాళ్లకు. షీల్డుల ఖర్చు ఎక్కువవుతుందని కరస్పాండెంట్ గారు అంటే, షీల్డులు మానేసి బ్రాడీపేటలో పుస్తకాలు కొన్నాం.

పదో తరగతి ప్రథమ స్థానానికి ఒక దాత కుటుంబం తమ పెద్దాయన పేరిట ఏటా వెండి పతకం ఇస్తుంది. దాన్ని అలాగే ఉంచాం. ఉంచాలనే నేనూ చెప్పాను. ఏడాదికి ఒక్కసారి, బడి మొత్తం మీద ఒక్క పతకం ఎవరినీ కుంగదీయదు. ప్రతి పరీక్షకూ గోడెక్కే వరసతో దాన్ని కలపకూడదు.

మనం ఒక్క బడిలో ఏం చేసినా బయట ఊరు వేరే మాట చెబుతూనే ఉంటుంది. పదో తరగతి ర్యాంకులతో ప్రకటనలు వేయకూడదని 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. వేస్తే 3 నుంచి 7 ఏళ్ల జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అంది. అంతకుముందు 2012 నుంచి కొన్నేళ్లు మార్కుల బదులు గ్రేడ్లు ఇచ్చి చూశారు. అప్పుడు 10/10లు ఎంతమందికని లెక్క చెప్పుకున్నారు. ఇప్పుడు 590 దాటినవాళ్ల ఫొటోలు. ఫలితాలు వచ్చిన వారం లాడ్జి సెంటర్ నుంచి శంకర్ విలాస్ దాకా నడిస్తే, ఆ ఉత్తర్వు చదివినవాళ్లు ఎందరో తెలిసిపోతుంది. సీబీఎస్ఈ మెరిట్ లిస్టు ఇవ్వడం మానేసింది, 2024లో కేంద్రం కోచింగ్ సెంటర్లకు ఇచ్చిన మార్గదర్శకాల్లో అక్కడి పరీక్షల ఫలితాలను బహిరంగంగా పెట్టవద్దని ఉంది. కాగితాల మీద అందరం ఒప్పుకున్న విషయమే ఇది.

మా బడిలోనూ పని పూర్తి కాలేదు. తొమ్మిది వరకు షీటు పోయింది. పదో తరగతిలో మాత్రం సెక్షన్లు ఇప్పటికీ మార్కులను బట్టే. ‘ఎ’ సెక్షన్‌కు అనుభవమున్న టీచర్లు, సీ సెక్షన్‌కు కొత్తగా చేరినవాళ్లు. ‘రిజల్ట్ ముఖ్యం మేడం’ అని యాజమాన్యం అంటోంది. రుణ సంఖ్యలు నేర్చుకున్న ఆ అమ్మాయి జూన్‌లో సీ సెక్షన్‌లో కూర్చుంది. సెక్షన్లు కలపమని, లేదా కనీసం సీ సెక్షన్ లెక్కలు నాకు ఇవ్వమని రాసిచ్చాను. రెండోదానికి ఒప్పుకున్నారు. మొదటిదాని గురించి దసరా సెలవుల ముందు జరిగే మీటింగులో మళ్లీ అడుగుతాను. ఈసారి తెలుగు మాస్టారు కూడా సంతకం పెడతానన్నారు.